నేనూ ఆగకుండా వెళ్ళిపోయాను. అలవాటు పడటం అంటే ఇదేనా?

కొత్తగావచ్చినోడు
మొన్న సోమవారం పొద్దున రైలు దిగి మెట్లెక్కుతున్నా. నా ముందు ఒక పెద్దాయన చేతిలోంచి ఫైలు జారిపోయి కాగితాలన్నీ మెట్ల మీద చెల్లాచెదురైపోయాయి. జనం ఆయనకి అటూ ఇటూ చీలిపోయి ఎక్కేస్తున్నారు. నేనూ ఎక్కేశా. ఒక కాగితం మీద కాలు పడకుండా జాగ్రత్తగా దాటాను కూడా. గేటు బయటికి వచ్చాక గానీ నేనేం చేశానో తట్టలేదు. వెనక్కి తిరిగితే జనంలో ఏమీ కనపడలేదు. ఆ రోజంతా పని మీద మనసు నిలవలేదు.

మా ఊళ్ళో ఇదే జరిగుంటే నలుగురు కాగితాలు ఏరేవాళ్ళు, అయిదోవాడు అవేం కాగితాలో చదివేవాడు కూడా.

సిటీకి వచ్చి ఏడు నెలలైంది. మా అంతస్తులో నాలుగు తలుపులున్నాయి, ఒక్కరి పేరూ తెలీదు. మొదట్లో లిఫ్టులో ఒకాయన్ని చూసి నవ్వితే ఆయన వెనక్కి తిరిగి ఎవర్ని చూసి నవ్వుతున్నానా అని చూశాడు. రాత్రి రెండింటిదాకా నిద్ర రాదు. ఇవన్నీ సర్దుకుంటాయిలే అనుకున్నా. కానీ పోయిన నెల ఊరెళ్ళినప్పుడు అక్కడా కుదురుగా ఉండలేకపోయా. తెలిసినాయన రోడ్డు మీద ఆపి పది నిమిషాలు మాట్లాడితే లోపల చిరాకేసింది. ఇక్కడ మనిషిని కాలేదు, అక్కడి మనిషిని కాకుండా పోతున్నా. మీ అందరికీ ఇలాగే అయిందా, లేక నేనే మొద్దుబారిపోతున్నానా?

మూడోఅంతస్తు
ఆ పెద్దాయన ఎప్పుడో ఏరుకుని వెళ్ళిపోయుంటాడు తమ్ముడూ. నువ్వే ఇంకా ఆ మెట్ల మీద ఏరుతున్నావు.

లెక్కలపిచ్చి
మొద్దుబారడం కాదు, తొందర. 1973లో డార్లీ, బాట్సన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు అమెరికాలో మత బోధన చదువుకునే కుర్రాళ్ళ మీద ఒక ప్రయోగం చేశారు. ఒక భవనంలోంచి ఇంకో భవనానికి పంపుతూ దారిలో ఒక మనిషిని ఒంట్లో బాగోలేనట్టు కూర్చోబెట్టారు. తీరిగ్గా వెళ్తున్నవాళ్ళలో 63 శాతం ఆగి సాయం చేశారు. ఆలస్యమైపోయింది పరిగెత్తమని చెప్పి పంపినవాళ్ళలో ఆగింది 10 శాతమే. తమాషా ఏంటంటే వాళ్ళలో కొందరు వెళ్తున్నదే దారిలో పడున్నవాణ్ణి ఆదుకున్న మనిషి కథ మీద మాట్లాడటానికి. మంచివాళ్ళా చెడ్డవాళ్ళా అన్నదానికంటే టైముందా లేదా అన్నదే లెక్కకొచ్చింది.

వెనకబెంచి
@లెక్కలపిచ్చి ఆ ప్రయోగంలో ఉన్నది 40 మంది. 40 మందిని చూసి లోకం మొత్తానికి తీర్పిచ్చేస్తారా. మా ఊళ్ళో పెళ్ళికి కారు ఆపి మరీ ఎక్కించుకునే జనం ఇంతకంటే ఎక్కువ ఉంటారు.

లెక్కలపిచ్చి
@వెనకబెంచి తక్కువ మందే, ఒప్పుకుంటా. కానీ 1968లో ఇదే డార్లీ, లటానే అనే ఆయనతో కలిసి ఇంకోటి చేశాడు. వేరే గదిలో ఉన్న మనిషికి ఫిట్స్ వచ్చినట్టు మైకులో వినిపిస్తుంది. వింటున్నది నేనొక్కణ్ణే అనుకున్నవాళ్ళలో 85 శాతం లేచి వెళ్ళి చెప్పారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారు అనుకున్నప్పుడు 31 శాతమే కదిలారు. మెట్ల మీద నలుగురు కాదు, నాలుగొందల మంది ఉంటారు. అందరూ 'ఎవరో ఒకరు చూసుకుంటారు' అనుకుంటారు.

వెనకబెంచి
సరే, దీనికి నా దగ్గర జవాబు లేదు. కానీ శాతాలు చెప్తే ఆ కుర్రాడికి నిద్ర పడుతుందా?

పాతసైకిల్
నేనొచ్చి పంతొమ్మిదేళ్ళు. నిద్ర సంగతి ముందు చెప్తా, ఎందుకంటే మిగతావన్నీ నిద్ర పట్టాకే.

చిన్న ఊళ్ళో ప్రతి చప్పుడూ ఒక కబురు. గేటు కిర్రుమంటే ఎవరొచ్చారో తెలుస్తుంది, బండి చప్పుడు వింటే ఎవరి బండో తెలుస్తుంది, అర్ధరాత్రి కుక్కలు మొరిగితే వీధిలోకి ఎవరో కొత్తవాళ్ళు వచ్చారని. మన చెవి పుట్టినప్పటి నుంచీ ఇలాగే తయారైంది. ఇక్కడికి తెచ్చి పడేస్తే ఏమవుతుంది? రాత్రంతా వంద హారన్లు, ఏ ఒక్కటీ మన కోసం కాదు. కానీ చెవికి ఆ సంగతి తెలీదు కదా, ప్రతిదానికీ లేచి కూర్చుంటుంది పాపం. "ఇది నాకు సంబంధించింది కాదు" అని దానికి తెలిసిరావడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. తెలిసొచ్చాక హాయిగా నిద్రపోయా. ఆ తర్వాత అర్థమైంది ఏంటంటే చెవి నేర్చుకున్న ఆ పాఠమే కళ్ళూ నేర్చుకుంటాయి. హారన్ వినపడనట్టే మెట్ల మీద పెద్దాయనా కనపడడు. ఒకటి కావాలి, రెండోది వద్దు అంటే కుదరదు, రెండూ కలిసే వస్తాయి. రెండోదాన్ని మాత్రం కావాలని తవ్వి తీసుకోవాలి.

రాత్రిపూట22
చెవి గురించి పాతసైకిల్ అన్న చెప్పింది ఉత్తమాట కాదు. కొత్త చోట మొదటి రాత్రి మెదడులో ఒక సగం గాఢంగా నిద్రపోకుండా కాపలా కాస్తుందని 2016లో బ్రౌన్ యూనివర్సిటీ వాళ్ళు చూపించారు. అది మొదటి రాత్రి గురించి మాత్రమే, ఏడు నెలల గురించి కాదు. ఏడు నెలలంటే అలవాట్లు కూడా చూసుకోవాలి. నేను చేసినవి: మంచం రోడ్డు వైపు గోడకి ఆనించి ఉండేది, అవతలి గోడకి జరిపా. ఫ్యాన్ చప్పుడు పెంచా, ఒకే రకం మోత ఉంటే మధ్యలో వచ్చే హారన్ అంత పొడుచుకోదు. పడకగదిలో రాత్రి 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది. 30 అంటే గుసగుస. మా వీధికి ఎవరన్నా ఆ కాగితం చదివి వినిపిస్తే బాగుణ్ణు, గుసగుసగా కాకపోయినా పర్లేదు.

మూడోఅంతస్తు
మా పైవాళ్ళు రాత్రి పన్నెండింటికి కుర్చీలు జరుపుతారు. రోజూ. పన్నెండింటికి అంత సర్దాల్సినంత ఇల్లు కాదది, నాదీ అంతే కదా నాకు తెలుసు.

నిప్పురవ్వ
అందరూ ఊరి గురించి కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నారు కాబట్టి నేను రెండో వైపు చెప్తా. మీ ఊళ్ళో కాగితాలు ఏరేవాళ్ళు నలుగురు, చదివేవాడు అయిదోవాడు అన్నారే, ఆడపిల్లగా పెరిగిన నాకు ఆ అయిదోవాడే గుర్తున్నాడు. నేను దారిలో ఎవరితో మాట్లాడానో నేను ఇంటికి చేరేలోపే ఇంట్లో తెలిసిపోయేది. మార్కులు తగ్గితే వీధంతా ఓదార్పు. అందరికీ తెలిసిన మనిషిగా బతకడం మీకు వెచ్చగా ఉండేదేమో, నాకు ఉక్కపోతగా ఉండేది.

ఇక్కడికి వచ్చిన మొదటి వారం రాత్రి తొమ్మిదింటికి రోడ్డు మీద ఒక్కదాన్నీ నడిచాను, ఎవరూ పట్టించుకోలేదు. ఆ పట్టించుకోకపోవడం కోసం నేను ఎన్నేళ్ళు ఎదురుచూశానో మీకు చెప్పినా అర్థం కాదు.

కొత్తగావచ్చినోడు
@నిప్పురవ్వ అక్కా, నిజంగానే ఇటు నుంచి ఎప్పుడూ ఆలోచించలేదు. మా చెల్లి కూడా సిటీకి వచ్చేస్తానని గొడవ చేస్తుంటే ఎందుకా అనుకునేవాణ్ణి.

నిప్పురవ్వ
అడుగు దాన్ని. చెప్పకపోవచ్చు, అయినా అడుగు.

అలాగని ఇక్కడంతా బంగారమని కూడా అనను. రెండో ఏడు నాకు మూడు రోజులు జ్వరం. ఆఫీసుకి మెసేజ్ పెట్టేసి పడుకున్నా, అంతే. మూడో రోజు రాత్రి నీళ్ళ కోసం లేచి కళ్ళు తిరిగి కింద కూర్చుండిపోయా. అప్పుడు అనిపించింది, ఇప్పుడు నాకేమన్నా అయితే ఎన్ని రోజులకి తెలుస్తుంది అని. లెక్కేశా కూడా. సోమవారానికి ఆఫీసువాళ్ళు ఫోన్ చేస్తారు, ఎత్తకపోతే ఇంకో రెండు రోజులు ఆగుతారు. అంటే బుధవారం. ఆ లెక్క వేసిన రాత్రి మాత్రం మా ఊళ్ళో అయిదోవాడు కూడా గుర్తొచ్చాడు.

జ్వరం తగ్గాక మొదట చేసిన పని, కింద ఫ్లాట్‌లో ఉండే ఆవిడ దగ్గరికి వెళ్ళి నా మారు తాళంచెవి ఇవ్వడం. అప్పటికి ఆవిడతో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు.

వెనకబెంచి
ముక్కూమొహం తెలీని మనిషికి తాళంచెవి ఇచ్చేశారా? సిటీలో? మీకు ధైర్యం ఎక్కువ.

నిప్పురవ్వ
ధైర్యం కాదు, బుధవారం లెక్క.

పట్నంపుట్టుక
నేను ఇక్కడే పుట్టి పెరిగినవాణ్ణి, మా తరఫున ఒక్కడన్నా మాట్లాడాలి కదా.

లిఫ్టులో నవ్వితే వెనక్కి చూశాడన్నారు. మాకు ముక్కూమొహం తెలీనివాళ్ళు నవ్వారంటే నూటికి తొంభై సార్లు ఏదో ఒకటి అమ్మడానికే. ఆ మిగతా పదిలో మీరున్నారని ఆయనకెలా తెలుస్తుంది? రైల్లో ఒకరి భుజం మీద ఒకరు వేలాడుతూ నిలబడతాం, ఊపిరి తగిలేంత దగ్గర. అప్పుడు కళ్ళలోకి చూడకపోవడమే మేం ఒకరికొకరం ఇచ్చుకునే చోటు. ఇరుకులో వేరే గది ఇవ్వలేం కాబట్టి చూపు పక్కకి తిప్పుతాం. గాఫ్‌మన్ అనే సోషియాలజిస్టు 1963లోనే దీని గురించి రాశాడు. చూసీ చూడనట్టు ఉండటం కూడా ఒక మర్యాదే అని.

ఇంకోటి. ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకి ఒక్క విన్నపం. మెట్లు ఎక్కగానే, సరిగ్గా దారి మధ్యలో, ఆగిపోయి ఫోన్ చూడకండి. మీ వెనక మేమున్నాం.

మూడోఅంతస్తు
@పట్నంపుట్టుక మీరెందుకు అంత వేగంగా నడుస్తారు ముందది చెప్పండి. ఆదివారం కూడా ఏదో తరుముతున్నట్టే.

లెక్కలపిచ్చి
దీనికి కూడా లెక్కుంది :) 1976లో బోర్న్‌స్టైన్ దంపతులు యూరప్, ఆసియా, ఉత్తర అమెరికాల్లో 15 ఊళ్ళూ నగరాల్లో మనుషులు నడిచే వేగం కొలిచారు. జనాభా పెరిగేకొద్దీ నడక వేగం పెరిగింది.

వెనకబెంచి
మీరు రోజూ నిద్ర లేవగానే చేసే మొదటి పని శాతాలు వెతకడమేనా సార్?

లెక్కలపిచ్చి
ఒంటరిగా ఉంటే ఏదో ఒకటి చదువుతాం కదండీ. నాకూ ఇక్కడ తెలిసినవాళ్ళు ఎవరూ లేరు.

వెనకబెంచి
అయ్యో. సారీ. చెప్పండి చెప్పండి, ఆ ఫిట్స్ ప్రయోగం నిజంగానే బాగుంది.

రెండుగంటలబండి
ఇక్కడ ఎవరూ అసలు విషయం మాట్లాడట్లేదు, ఇల్లు ఎక్కడ తీసుకున్నావన్నది. నేను చేసిన తప్పు చెప్తా. ఊళ్ళో పెద్ద ఇంట్లో పెరిగాం కదా, ఇక్కడ ఆఫీసు దగ్గర చూసిన గదులు అగ్గిపెట్టెల్లా అనిపించాయి. అదే అద్దెకి సిటీ చివర పెద్ద ఇల్లు వచ్చింది, గాలీ వెలుతురూ. ఎగిరి గంతేసి తీసుకున్నా. వెళ్ళడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు. ఆ గాలీ వెలుతురూ నేను ఆదివారం తప్ప చూడలేదు.

జెఫ్రీ హాల్ అనే ప్రొఫెసర్ 2018లో తేల్చింది చదివా. ఒక కొత్త మనిషి మామూలు స్నేహితుడు కావాలంటే దాదాపు 50 గంటలు కలిసి గడపాలట, దగ్గరి స్నేహితుడు కావాలంటే 200 గంటలు దాటాలట. రోజుకి నాలుగు గంటల చొప్పున యాభై పనిరోజుల్లో నా రెండొందల గంటలూ బస్సు కిటికీకి ఇచ్చేశా. ఆ కిటికీ ఇప్పుడు నాకు ప్రాణస్నేహితుడు. రెండేళ్ళ తర్వాత అగ్గిపెట్టెలోకే మారా. సాయంత్రాలు అంటూ ఉన్నాయని అప్పుడే తెలిసింది.

చిన్నారితల్లి
@రెండుగంటలబండి ఒంటరివాళ్ళకి బాగానే ఉంటుంది ఈ సలహా. ఇద్దరు పిల్లలు, అత్తగారు ఉన్నప్పుడు అగ్గిపెట్టెలో ఎవరు పడుకోవాలి, ఎవరు నిలబడాలి? దూరమైనా మాకు తప్పదు. మావారు బస్సులో నిద్రపోవడం నేర్చుకున్నారు, దిగాల్సిన చోట వాటంతట అవే కళ్ళు తెరుచుకుంటాయట.

నాకైతే పిల్లల వల్లే నలుగురు తెలిశారు. బడి గేటు దగ్గర రోజూ పది నిమిషాలు నిలబడాలి కదా. అంతకుముందు రెండేళ్ళు ఎవరూ తెలీదు.

పాతసైకిల్
@చిన్నారితల్లి ఆ గేటే అసలు రహస్యం అమ్మా. రోజూ ఒకే వేళకి, ఒకే చోట, చేతిలో పనేం లేకుండా పది నిమిషాలు. ఊళ్ళో మనం కష్టపడి స్నేహాలు చేశామా? అవే మొహాలు రోజూ ఎదురుపడేవి, అంతే. ఇక్కడ ఆ ఎదురుపడటం దానంతట అది జరగదు, మనమే ఏర్పాటు చేసుకోవాలి. ఒకే పార్కు, ఒకే లైబ్రరీ, ఒకే బెంచీ, ఏదో ఒకటి.

నా కేసు చెప్తా. బస్టాపులో ఒకాయన, గళ్ళ చొక్కా, రెండేళ్ళు రోజూ పక్కపక్కనే నిలబడ్డాం. ఒక్క మాట లేదు. ఒక రోజు సిటీకి పూర్తిగా అవతలి చివర ఏదో ఆస్పత్రి వరండాలో ఎదురయ్యాడు. ఇద్దరం అన్నదమ్ముల్లా కేకలేశాం! "మీరేంటి ఇక్కడ" అని చేతులు పట్టేసుకున్నాం. అప్పటికి పేర్లు కూడా తెలీవు. ఇప్పుడు వాళ్ళమ్మాయి మా వాడికి లెక్కలు చెప్తుంది.

లెక్కలపిచ్చి
వెనకబెంచి గారు తిడతారేమో గానీ, దీనికి పేరుంది. 1972లో స్టాన్లీ మిల్‌గ్రామ్ 'తెలిసిన అపరిచితులు' అన్నాడు. రోజూ చూస్తాం, మాట్లాడం. రోజూ చూసే చోటికి ఎంత దూరంలో ఎదురైతే మాట్లాడుకునే అవకాశం అంత ఎక్కువ అని కూడా అన్నాడు. పాతసైకిల్ గారి వరండా అదే.

వెనకబెంచి
తిట్టను. ఇంకా ఉన్నాయా ఇలాంటివి?

మళ్ళీఊరికే
అందరూ సిటీలో ఎలా నిలదొక్కుకోవాలో చెప్తున్నారు, నేను మూడేళ్ళు ఉండి వెనక్కి వెళ్ళిపోయినవాణ్ణి. వెళ్ళిన మొదటి నెల ఎదురైన ప్రతివాడూ "ఏం, వచ్చేశావా?" అన్నాడు, పరీక్ష తప్పినవాణ్ణి అడిగినట్టు. తప్పలేదు. ఆ పరీక్ష నాకు అక్కర్లేదని తెలుసుకున్నా. పని దొరికింది, జీతం తక్కువ, నిద్ర ఎక్కువ.

కానీ కొత్తగావచ్చినోడు చెప్పిన చిరాకు నాకూ ఉండేది. రోడ్డు మీద ఎవరన్నా ఆపితే కాళ్ళు ముందుకే లాగేవి. అది పోవడానికి ఇంకో ఆరు నెలలు. సిటీకి అలవాటు పడటానికి ఎంత టైం ఇచ్చామో, ఊరికి మళ్ళీ అలవాటు పడటానికి కూడా కొంచెం ఇవ్వాలి. రెండు రోజుల సెలవులో వెళ్ళి అయ్యో నేను మారిపోయానే అనుకుంటే ఎలా.

కొత్తగావచ్చినోడు
అందరివీ రెండేసి సార్లు చదివా. నిన్న సాయంత్రం ధైర్యం చేసి ఎదురు తలుపు కొట్టా. ఆయన సగం తెరిచాడు. నా పేరు చెప్పి, ఎదురుగానే ఉంటాను, ఏడు నెలలైంది, పరిచయం చేసుకుందామని వచ్చా అన్నా. ఆయన "మాకేం వద్దండీ" అని తలుపేసేశాడు.

పట్నంపుట్టుక
చెప్పానా.

మూడోఅంతస్తు
చేతిలో సంచీ గానీ పట్టుకెళ్ళావా?

కొత్తగావచ్చినోడు
ఆఫీసు బ్యాగు భుజానే ఉంది :( టై కూడా కట్టుకుని ఉన్నా.

మూడోఅంతస్తు
నేనైనా వేసేస్తా.

నిప్పురవ్వ
తలుపు కొట్టడం ఎప్పుడూ పని చెయ్యదు. అవతలివాళ్ళు వాళ్ళ ఇంట్లో ఉంటారు, నువ్వు బయట ఉంటావు, అప్పటికే లెక్క తేడా. ఏదన్నా చిన్న సాయం అడుగు. నిచ్చెన, స్క్రూడ్రైవర్, ఏదైనా. పరిచయం చేసుకుందాం అంటే భయపడతారు, స్క్రూడ్రైవర్ ఉందా అంటే భయపడరు. ఎందుకో తెలీదు.

చిన్నారితల్లి
నిజం. నేను కరెంటు పోయినప్పుడు మీకూ పోయిందా అని అడిగా. అలా మొదలైంది.

పాతసైకిల్
బాబూ, ఇంకో మాట. రేపట్నుంచి పావుగంట ముందు బయల్దేరు. పెద్దగా ఏమీ కాదు, పావుగంటే. లెక్కల సారు చెప్పిన తొందర సంగతి అందులో తేలిపోతుంది. నాకు అలవాటు. ఎవరిదో ఒకరిది ఏదో ఒకటి పడుతూనే ఉంటుంది ఆ మెట్ల మీద.

కొత్తగావచ్చినోడు
పది రోజుల తర్వాత రాస్తున్నా. పావుగంట ముందే వెళ్తున్నా. ఎవరిదీ ఏమీ పడలేదు ఇప్పటిదాకా. నిన్న నా గొడుగే పడిపోయింది, ఎవరూ తీయలేదు, నేనే తీసుకున్నా. మంచం జరిపాక నిద్ర కొంచెం నయం, ఒంటిగంటకి పడుతోంది. చెల్లిని అడిగా, గంటంబావు మాట్లాడింది. అది వేరే సంగతి, దాని గురించి ఇక్కడ రాయను.

ఎదురింటాయన ఇవాళ పొద్దున తనే తలుపు కొట్టాడు. "మీరు సాయంత్రం ఆరింటికి ఇంట్లో ఉంటారు కదా, నాకో పార్సిల్ వస్తుంది, కాస్త తీసి పెడతారా" అన్నాడు. నేను ఆరింటికి వస్తానని ఆయనకెలా తెలుసో!

నిప్పురవ్వ
అన్నీ చూస్తారు. చూడనట్టు ఉంటారు.

వెనకబెంచి
పార్సిల్ వచ్చిందా? ఏముంది అందులో?

కొత్తగావచ్చినోడు
వచ్చింది. పొడుగ్గా ఉంది, బరువు లేదు. నా టేబుల్ మీదే ఉంది. ఆయన తొమ్మిదింటికి వస్తానన్నాడు.

మూడోఅంతస్తు
పొడుగ్గా, బరువు లేకుండా అంటే కర్టెన్ రాడ్డా?

వెనకబెంచి
చేపలు పట్టే గాలమేమో. ఊపి చూడు.

పట్నంపుట్టుక
ఊపకండి!!

కొత్తగావచ్చినోడు
ఒక్కసారి ఊపా. చప్పుడేం రాలేదు.